చంద్రుడు కూడా అంతే దూరంలో ఉన్నాడు, మరి జీవం ఇక్కడే ఎందుకు?

హనుమకొండలో ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: “భూమి సూర్యుడికి మరీ దగ్గరగా లేదు, మరీ దూరంగా లేదు, అందుకే ఇక్కడ జీవం ఉందని పాఠంలో ఉంది. చంద్రుడు కూడా సూర్యుడికి అంతే దూరంలో ఉన్నాడు కదా సార్, మరి అక్కడెందుకు లేదు?”

బిడ్డా, ముప్పై ఏళ్లకు పైగా సుత్తె, భూతద్దం, ఆమ్లం సీసా సంచిలో వేసుకొని ఓరుగల్లు చుట్టుపక్కల గుట్టల్లో, గోదావరి లోయలో తిరిగినవాణ్ణి నేను. పాఠం ఒప్పజెప్పేవాళ్లను చాలామందిని చూశాను. పాఠాన్ని పట్టుకొని చంద్రుడి దగ్గరికి పోయి సరిచూసినవాళ్లను చూడలేదు. అందుకే కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపికగా చదువు.

దూరం కావాలి, అందులో అనుమానం లేదు. సూర్యుడి నుంచి మనం సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. చంద్రుడు మన నుంచి 3.84 లక్షల కిలోమీటర్లే కాబట్టి ఇద్దరి మీదా పడే ఎండ ఒకటే. అయినా చంద్రుడి మీద పగలు 120 డిగ్రీల వేడి, రాత్రి మైనస్ 130 డిగ్రీల చలి. చలికాలం పొద్దున మంట ముందు కూర్చున్నవాడికి మంట ఎంత దూరంలో ఉందన్నది ఎంత ముఖ్యమో, ఒంటి మీద గొంగడి ఉందా లేదా అన్నదీ అంతే ముఖ్యం. భూమికి గాలి అనే గొంగడి ఉంది, చంద్రుడికి లేదు. ఈ గాలి లేకుండా లెక్క కడితే భూమి సగటు వేడి మైనస్ 18 డిగ్రీలు రావాలి. ఉన్నది మాత్రం దాదాపు 15 డిగ్రీలు. ఆ తేడా అంతా గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల పుణ్యమే.

చంద్రుడికి గొంగడి ఎందుకు నిలవలేదు? చిన్నవాడు కాబట్టి. అక్కడి ఆకర్షణ మన దాంట్లో ఆరో వంతు. సెకనుకు 2.4 కిలోమీటర్ల వేగం అందుకుంటే చాలు, ఏ అణువైనా శాశ్వతంగా ఎగిరిపోతుంది. మన దగ్గర ఆ వేగం 11.2 కిలోమీటర్లు. చిన్నదైతే ఇంకో నష్టం కూడా ఉంది. పెళ్లి వంటలో పెద్ద గంజులో అన్నం గంటల తరబడి వేడిగా ఉంటుంది, అదే అన్నం చిన్న గిన్నెలో పెడితే వడ్డించేలోపే చల్లారుతుంది. గ్రహాలూ అంతే. అంగారకుడి అడ్డుకొలత భూమిలో సగం, బరువు పదో వంతు. లోపలి వేడి త్వరగా తగ్గింది, అయస్కాంత క్షేత్రం ఆగిపోయింది, అగ్నిపర్వతాలు సద్దుమణిగాయి, గాలి పలచబడింది. 350 కోట్ల ఏళ్ల కింద నదులు పారిన జాడలు ఇప్పటికీ ఆ నేల మీద కనిపిస్తాయి, ఇప్పుడు గాలి ఒత్తిడి మాత్రం మన దాంట్లో నూరో వంతు కూడా లేదు. భూమి లోపల ఇంకా వేడి ఉంది. పుట్టినప్పటి వేడి కొంత, యురేనియం, థోరియం, పొటాషియం లాంటివి విచ్చిన్నమవుతూ ఇచ్చే వేడి కొంత. లోపలి ఈ వేడి సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ పని పడుతుంది.

ఇక నీళ్లు. భూమి పుట్టి 454 కోట్ల ఏళ్లు. పుట్టిన కొత్తలోనే అంగారకుడంత గోళం ఒకటి వచ్చి గుద్దుకొని, ఎగిరిన శకలాలతో చంద్రుడు తయారయ్యాడని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న మాట. ఆ దెబ్బకు భూమి పైభాగమంతా కరిగిన రాయి. అలాంటి కొలిమిలో నీళ్లెక్కడివి? చాలామటుకు భూమిని తయారుచేసిన రాళ్లలోనే ఖనిజాలతో కలిసి ఉన్నవి, మిగతావి సూర్యుడికి దూరంగా పుట్టి తర్వాత వచ్చి పడిన ఉల్కల్లోవి. తోకచుక్కలు మోసుకొచ్చాయని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. నీటిలో మామూలు హైడ్రోజన్‌తో పాటు కొంచెం బరువైన హైడ్రోజన్ కూడా ఉంటుంది, దాని వంతు నీళ్లు ఎక్కడివో చెప్పే వేలిముద్ర లాంటిది. 2014లో రోసెట్టా అంతరిక్ష నౌక ఒక తోకచుక్క దగ్గరికి పోయి అక్కడి ఆవిరిని కొలిస్తే, అందులో ఆ బరువైన హైడ్రోజన్ వంతు మన సముద్రపు నీటికంటే మూడు రెట్లు ఉంది. కార్బన్ ఎక్కువగా ఉండే ఉల్కల్లోని నీళ్లు మాత్రం మన నీళ్లతో చక్కగా సరిపోతాయి. సముద్రాలను చూసి భూమి అంతా నీళ్లే అనుకుంటాం గానీ, తూకం వేస్తే సముద్రాలన్నీ కలిపి భూమి బరువులో నాలుగు వేల వంతుల్లో ఒక వంతు కూడా రావు. అంత కొంచెం నీటిని రాళ్లు మోసుకురావడం పెద్ద పనేం కాదు.

అగ్నిపర్వతాల వెంట ఆవిరి బయటికి వచ్చింది, చల్లబడ్డాక వానై కురిసింది. ఇది ఎంత తొందరగా జరిగిందో చెప్పే సాక్షి జిర్కాన్ అనే ఖనిజపు ఇసుక రేణువంత స్ఫటికం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన వాటిలో ఒకదాని వయసు 440 కోట్ల ఏళ్లని 2001లో తేల్చారు. అందులోని ఆక్సిజన్ తీరు, ఆ స్ఫటికం పుట్టిన రాయి అంతకుముందే నీళ్లతో తడిసిందని చెబుతుంది. అంటే భూమి పుట్టిన 15 కోట్ల ఏళ్లలోపే పైన నీళ్లున్నాయి.

ఇక్కడివరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. నా దృష్టిలో అసలు విషయం ఇకపైనే ఉంది. అనువైన స్థితి ఒకసారి రావడం గొప్ప కాదు, అది 400 కోట్ల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలవడం గొప్ప. ఎందుకంటే సూర్యుడు ఒక్క తీరుగా లేడు. మొదట్లో ఇప్పటి వెలుగులో 70 శాతమే ఇచ్చేవాడు. ఇప్పటి గాలే అప్పుడూ ఉండి ఉంటే సముద్రాలు గడ్డకట్టి రాయిలా ఉండాలి. 1972లో కార్ల్ సేగన్, జార్జ్ మలెన్ అనే శాస్త్రవేత్తలు ఈ చిక్కును లెక్కతో సహా ముందుకు తెచ్చారు. అప్పుడు కార్బన్ డయాక్సైడ్, మీథేన్ ఎక్కువ ఉండేవి, గొంగడి మందంగా ఉండేది, కాబట్టి గడ్డకట్టలేదు అంటే సరిపోతుంది. కానీ ఆ మందపు గొంగడి అట్లనే ఉండి సూర్యుడు వేడెక్కుతూ పోతే సముద్రాలు మరిగిపోవాలి కదా? సూర్యుడి వేడి పెరిగినకొద్దీ గొంగడిని కొంచెం కొంచెం పలచన చేసుకుంటూ వచ్చిందెవరు?

దానికి సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంటుంది. బోరు నీళ్లు కాచే బగోన లోపల చెయ్యి పెట్టి చూడు. తెల్లగా, గరుకుగా పెచ్చు కట్టి ఉంటుంది. మా అమ్మ దాన్ని ఇటుక పొడితో గీకీ గీకీ విసుక్కునేది. ఆ పెచ్చు ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి నడుచుకుంటూ పోదాం.

మన దిక్కు బావి తవ్వినవాళ్లను అడుగు, లోపల ఏమేం వస్తుందో వరసగా చెబుతారు. పైన ఎర్రటి చెల్క మట్టి, కింద మొరం, ఇంకా కిందికి పోతే పగుళ్లు బారిన బండ, చివరికి సుత్తెకు కూడా లొంగని గట్టి రాయి. ఈ నాలుగూ వేరువేరు కావు. అంతా ఒకే గ్రానైట్, కింది నుంచి పైకి రానురాను కుళ్లింది. వాన గాలిలోంచి పడేటప్పుడు కొంచెం కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది, నేలలో వేళ్లు వదిలిన దాన్ని ఇంకొంచెం కలుపుకుంటుంది, నిమ్మరసం కంటే చాలా పలచని ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం వేలూ లక్షల ఏళ్లు గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని నాకుతూ ఉంటే అది బంకమట్టిగా మారుతుంది. అందులోని ఇంకో ఖనిజం క్వార్ట్‌జ్ మాత్రం కరగదు, ఇసుకై మిగులుతుంది. ఫెల్డ్‌స్పార్‌లోని కాల్షియం నీళ్లలో కలిసి, గాలి నుంచి వచ్చిన కార్బన్‌తో బైకార్బనేట్‌గా జతకట్టి భూగర్భ జలంలోకి దిగుతుంది. బోరు దాన్ని పైకి లాగుతుంది. నువ్వు నీళ్లు కాచినప్పుడు ఆ కార్బన్‌లో సగం ఆవిరితో పాటు మళ్లీ గాలిలోకి పోతుంది, మిగతా సగం కాల్షియంతో కలిసి రాయై బగోనకు అంటుకుంటుంది. గాలిలో ఉన్న వాయువు రాయిగా మారిన చోటు అది.

బోరులోకి రాని నీళ్లు వాగుల్లోకి, మానేరులోకి, గోదావరిలోకి, అక్కడి నుంచి బంగాళాఖాతంలోకి పోతాయి. అక్కడ బగోన పని గవ్వలు, పగడాలు, కంటికి కనిపించని చిన్న జీవులు చేస్తాయి. వాటి పెంకులు అడుగున పేరుకొని సున్నపురాయి అవుతాయి. కాలక్రమంలో సముద్రపు అడుగు పలకలు కదిలి భూమి లోపలికి దిగుతాయి, అక్కడి వేడికి సున్నపురాయి విడిపోయి అగ్నిపర్వతాల నోటి నుంచి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ గాలిలోకి వస్తుంది. లోపలి వేడిని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. అది చల్లారితే ఈ చక్రం ఆగుతుంది.

ఇప్పుడు ఇందులోని నేర్పు చూడు. భూమి వేడెక్కితే వానలు పెరుగుతాయి, రాయి త్వరగా కుళ్లుతుంది, గాలిలోంచి కార్బన్ ఎక్కువ తగ్గుతుంది, భూమి చల్లబడుతుంది. మరీ చల్లబడితే రాయి కుళ్లడం మందగిస్తుంది, అగ్నిపర్వతాలు మాత్రం తమ పని ఆపవు, కార్బన్ పోగుపడి మళ్లీ వెచ్చబడుతుంది. ఎవరూ తిప్పకుండానే తిరిగే మీట ఇది. 1981లో వాకర్, హేస్, కాస్టింగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్ని స్పష్టంగా వివరించారు. దీనికి పెద్ద పరీక్ష కూడా జరిగింది. 72 కోట్ల ఏళ్ల కింద మొదలై 63 కోట్ల ఏళ్ల దాకా భూమి రెండు సార్లు దాదాపు పూర్తిగా మంచు కింద మునిగింది. మంచు కింద రాయి కుళ్లదు. అగ్నిపర్వతాలు వదిలిన కార్బన్‌ను తీసుకునే దిక్కు లేక అది గాలిలో పేరుకుంటూ పోయి, చివరికి మంచును కరిగించింది. ఆ రెండు సార్లూ సూర్యుడు మనకు చేసిందేమీ లేదు, భూమి తనను తానే లేపుకుంది.

ఈ మీట ఉంది కదా, మనం వదిలే పొగ సంగతి కూడా అదే చూసుకుంటుంది అని కొందరు అంటారు. ఆ మాట నమ్మవద్దు. అది లక్షల ఏళ్ల లెక్కలో కదిలే మీట. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు వంద రెట్లు మనుషులు వదులుతున్నారు. నీ ఈడు పిల్లల ఎండాకాలాలను ఆ మీట చల్లబరచదు.

మీట విరిగితే ఎట్లుంటుందో శుక్రుడు చూపిస్తాడు. పరిమాణంలో భూమికి తోబుట్టువు. సూర్యుడికి కొంచెం దగ్గర కావడంతో నీళ్లు ఆవిరై పైపైకి పోయి, ఎండకు విరిగి, హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోయింది. అక్కడ మిగిలిన ఆవిరిలో బరువైన హైడ్రోజన్ వంతు మన దగ్గరికంటే వంద రెట్లకు పైగా ఉండటమే దానికి గుర్తు, తేలికది పోయి బరువైనది మిగిలింది. నీళ్లు లేకపోతే రాయి కుళ్లదు, రాయి కుళ్లకపోతే కార్బన్ గాలిలోనే ఉండిపోతుంది. ఇవాళ అక్కడ గాలి ఒత్తిడి మనకు 90 రెట్లకు పైగా, వేడి 460 డిగ్రీలు దాటి ఉంటుంది. శుక్రుడి గాలిలో ఎంత కార్బన్ ఉందో దాదాపు అంతే మన దగ్గరా ఉంది. తేడా ఒక్కటే, మన కార్బన్ సున్నపురాయిగా నేలలో పడుకొని ఉంది.

ఒకసారి డిగ్రీ పిల్లలను మంచిర్యాల దిక్కు సున్నపురాయి చూపించడానికి తీసుకుపోయాను. బూడిద రంగు రాయి మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుస్సుమని నురగ వచ్చింది. “ఇది 100 కోట్ల ఏళ్లకు పైబడిన గాలి, ఇప్పుడే బయటికొచ్చింది” అన్నాను. ఒక పిల్లవాడు వంగి ముక్కు పెట్టి వాసన చూశాడు. ఆ రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. సిమెంటు ఫ్యాక్టరీల్లో రోజూ జరిగేది ఇదే. ఆ ప్రాంతపు పాత శిలలకు భూగర్భ శాస్త్రంలో పెట్టిన పేరు మన పాకాల చెరువుదే.

ఆ సున్నపురాళ్లలో కొన్నిచోట్ల ఉల్లిగడ్డను నిలువునా కోసినట్టు, ఒకదాని మీద ఒకటి బోర్లించిన పొరలు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమాటొలైట్లు అంటారు. లోతులేని నీళ్లలో చాపలా పరుచుకున్న సూక్ష్మజీవులు మట్టిని, సున్నాన్ని పట్టుకొని పొర మీద పొర వేసుకున్న గుర్తులవి. ఆస్ట్రేలియాలో ఇలాంటివే దాదాపు 348 కోట్ల ఏళ్లవి దొరికాయి. వీటిని కట్టినవాటిలో సయనోబాక్టీరియా అనే జాతి ఎండతో నీటి అణువును చీల్చి ఆక్సిజన్‌ను వదలడం నేర్చింది. ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. అప్పటిదాకా భూమి జీవాన్ని మోసింది. ఇక జీవం భూమిని మార్చడం మొదలుపెట్టింది.

ఆక్సిజన్ రాగానే గాలిలోకి చేరలేదు. ఆనాటి సముద్రాల్లో ఇనుము కరిగి ఉండేది, వచ్చిన ఆక్సిజన్‌ను వచ్చినట్టే పట్టుకొని అడుగున పడిపోయేది. ప్రపంచంలోని పెద్ద ఇనుప గనులు చాలావరకు అట్లా పేరుకున్న పట్టీలే. కరీంనగర్ దిక్కు గుట్టల్లో కనిపించే మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం, క్వార్ట్‌జ్ పట్టీల రాయి కూడా ఆ జాతిదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవారు, దాని కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఉత్తర తెలంగాణ నేలలో ఇనుముకు అంత పేరుండేది.

కరిగిన ఇనుము తగ్గాక, సుమారు 240 కోట్ల ఏళ్ల కింద గాలిలో ఆక్సిజన్ నిలబడింది. ఇప్పుడు మన ఊరి రాళ్లతోనే నీకు ఆ ముందూ వెనకా చూపిస్తాను. వరంగల్ కోటలో ఏకశిల గుట్ట ఎక్కావు కదా, ఓరుగల్లుకు పేరు తెచ్చిన బండ. ఈ ప్రాంతపు గ్రానైట్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందివి. అవి గట్టిపడినప్పుడు పైన గాలి ఉంది గానీ, ఒక్క గుక్క పీల్చినా మనకు పనికొచ్చేది కాదు. ఇప్పుడు పాలంపేటకు పో. 1213లో కట్టిన రామప్ప గుడి, 2021లో యునెస్కో గుర్తించింది కదా, దాని ఇసుకరాయి ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు ఇనుప తుప్పు. తుప్పు పట్టాలంటే గాలిలో ఆక్సిజన్ ఉండాలి. ఎర్రటి ఇసుకరాళ్లు ప్రపంచమంతటా ఆక్సిజన్ వచ్చాకే విస్తారంగా కనిపిస్తాయి. నీ చెప్పులకు అంటుకునే చెల్క మట్టి ఎరుపు కూడా అదే. ఏకశిల నుంచి రామప్పకు బస్సులో రెండు గంటలు కూడా పట్టదు, మధ్యలో భూమి గాలి మారిపోయింది.

ఇంకో మెలిక ఉంది. ఆకు ఆక్సిజన్ ఇస్తుంది, నిజమే. అదే ఆకు రాలి కుళ్లితే ఇచ్చినదంతా తిరిగి తీసుకుంటుంది, లెక్క సున్నాకు సున్నా. కుళ్లకుండా నేలలో పూడిపోయిన కార్బన్ లెక్కకే గాలిలో ఆక్సిజన్ మిగులుతుంది. 12 కిలోల కార్బన్ పూడితే 32 కిలోల ఆక్సిజన్ మిగులు. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో తవ్వే బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. ఆ అడవి బురదలో పూడినప్పుడు వదిలిపెట్టిన ఆక్సిజన్ గాలిలో కలిసింది. బొగ్గు కంటే, బురద గట్టిపడి అయిన షేల్ రాళ్లలో సన్నగా కలిసిపోయి ఉన్న కార్బన్ ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా చేత్తో పట్టుకొని చూపించగలిగేది బొగ్గే. ఇవాళ 21 శాతం ఆక్సిజన్ ఉందంటే, పైన దాని నుంచే పుట్టిన ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాలను ఆపుతోందంటే, అందుకు ఆధారం ఇట్లా పూడినదే.

అయస్కాంత క్షేత్రం వల్లే మన గాలి నిలిచిందని చాలాచోట్ల రాస్తారు. సాయం చేస్తుంది, కానీ అదొక్కటే కారణమైతే సొంత అయస్కాంత క్షేత్రం లేని శుక్రుడి మీద అంత మందపు గాలి ఎట్లా ఉంది? చంద్రుడు మన భూమి వంపును 23 డిగ్రీల దగ్గర పెద్దగా ఊగకుండా పట్టుకుంటాడు, రుతువులు నిలకడగా ఉండటానికి అది మంచిదే. నా లెక్కలో ఈ రెండూ పక్కవాద్యాలు. అసలు పాట నీళ్లూ రాయీ గాలీ కలిసి పాడేది.

నీ ప్రశ్నకు సూటిగా వస్తాను. 1969 నుంచి 1972 దాకా అపోలో యాత్రల్లో చంద్రుడి నుంచి 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. అందులో ఫెల్డ్‌స్పార్ దండిగా ఉంది, మన గుట్టల్లో ఉన్నట్టే. కానీ ఒక్క పిడికెడు బంకమట్టి లేదు, ఒక్క సున్నపురాయి ముక్క లేదు. అంత ఫెల్డ్‌స్పార్ ఉండి కూడా, దాన్ని కుళ్లబెట్టడానికి వాన ఎన్నడూ పడలేదు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. బగోనలోని తెల్ల పెచ్చును చెంచాతో గీకి, కాస్త పొడిని గాజు గ్లాసులో వేసి, నిమ్మకాయ పిండు. వెలుతురుకు పట్టి దగ్గరగా చూస్తే పొడి చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. బుడగలు రాకపోతే మీ బోరు నీళ్లలో సున్నం తక్కువన్నమాట, పక్కింటివాళ్ల బగోన అడుగు. ఏం కనిపించిందో రాయి, అక్కడి నుంచి ముందుకు మాట్లాడుకుందాం.